1996 బెంజ్ ఇ220 దొరుకుతోంది: కొనాలా, దండం పెట్టి వదిలేయాలా?

నారాయణగూడ_నాని
మా వీధి చివర ఒక రిటైర్డ్ డాక్టరుగారి దగ్గర 1996 ఇ220 ఉంది. కంపెనీవాళ్ళ లెక్కలో డబ్ల్యూ124 అనే మోడల్ బాడీ. మొదటి ఓనరు ఆయనే. 1,12,000 కి.మీ. తిరిగింది. మూడేళ్ళుగా షెడ్డులో కవరు కప్పుకుని పడుకుంది. ఆయనకి చూపు తగ్గింది, పిల్లలు అమెరికాలో ఉన్నారు. "ఎవరికో అమ్మితే ముక్కలు చేసి అమ్ముకుంటారు, నువ్వయితే చూసుకుంటావు, నాలుగు లక్షలివ్వు" అన్నారు.

నాకున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. మా ఆవిడ "ముప్పై ఏళ్ళ కారు తెచ్చి ఎక్కడ పెడతావు, నా నెత్తి మీదా?" అంటోంది. మా నాన్న మాత్రం "బెంజి కారా!" అని పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. వారం నుంచి నిద్ర లేదు. ఇంటర్నెట్‌లో ఒకడు దేవుడంటాడు, ఇంకొకడు దయ్యమంటాడు. నిజంగా నడిపినవాళ్ళు చెప్పండి.

ఇంకో చిన్న డౌటు. నాన్న బెంజి అంటాడు, తమ్ముడు మెర్సిడెస్ అంటాడు, డాక్టరుగారి పాత కాగితాల మీద డైమ్లర్-బెంజ్ అని ఉంది. అసలీ కంపెనీకి ఎన్ని పేర్లు?

ఈఎమ్‌ఐ_వీరుడు
నాలుగు లక్షలకి కారు వస్తుంది సరే. దానితో పాటు ఇంట్లో పెట్టుకోవాల్సిన మెకానిక్‌కి ఎంత జీతం ఇస్తారు?

పాత_ఇనుము
నాది అదే బాడీ, ఇ250 డీజిల్. 2009 నుంచి నా దగ్గరే ఉంది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

ముందు ఆ కారు మన దేశానికి ఎలా వచ్చిందో తెలుసుకోండి. 1994లో బెంజ్‌వాళ్ళు టెల్కోతో (ఇప్పటి టాటా మోటార్స్) కలిసి ఇక్కడ కంపెనీ పెట్టి, 1995లో పుణెలో కార్లు బిగించడం మొదలుపెట్టారు. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో దీని తర్వాతి మోడల్, గుండ్రటి కళ్ళ డబ్ల్యూ210 బయటికొచ్చింది. అంటే వాళ్ళు దింపేసిన మోడల్ మనం ఎక్కించుకున్నాం. "ఇండియా అంటే పాత సామాను కొట్టా?" అని అప్పట్లో పేపర్లలో తిట్టారు కూడా. ఇప్పుడు చూస్తే తిట్టినవాళ్ళకే తెలియని అదృష్టం అది. డబ్ల్యూ210 తుప్పుకి పేరుపడ్డ బండి. 124 తయారైంది లెక్కలు వేసే గుమాస్తాల కన్నా ఇంజనీర్ల మాట ఎక్కువ చెల్లిన రోజుల్లో.

నడపడం గురించి: స్పీడు ఆశించకండి. స్టీరింగు పెద్దది, నిదానంగా తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు చేతి దగ్గర వెతకొద్దు, ఎడమ కాలి దగ్గర పెడల్ ఉంటుంది. వదలాలంటే డ్యాష్‌బోర్డు కింద పిడి లాగాలి. మొదటి రోజు ట్రాఫిక్‌లో అది దొరక్క చెమటలు పట్టాయి నాకు. గతుకు వచ్చినప్పుడు బాడీ ఒకసారి కిందికి వంగి, ఒకసారి లేచి, ఆగిపోతుంది. రెండోసారి ఊగదు. ఆ "ఆగిపోవడం" కోసమే కొన్నాను అనుకోండి.

వైపరు ఒకటే. కానీ అది తిరుగుతూ మూలల దగ్గర పైకి సాగుతుంది, మళ్ళీ లోపలికి ముడుచుకుంటుంది. అద్దంలో 86 శాతం తుడుస్తుందట. వానలో సిగ్నల్ దగ్గర పక్క బైకువాళ్ళు దాన్నే చూస్తుంటారు.

కొనేముందు చూడాల్సినవి:

ఒకటి, ఇంజను వైరింగ్. 1993-95 ప్రాంతపు ఇంజన్లకి వైర్ల మీది పొర కాలక్రమంలో పొడిపొడి అవుతుంది. ప్రపంచమంతా తెలిసిన జబ్బే ఇది. 96 కూడా అంచులోనే ఉంది కాబట్టి చూడాల్సిందే. వైరు మెల్లగా వంచి చూడండి, అప్పడంలా విరిగితే ధర తగ్గించమనండి. మార్చేసి ఉంటే బిల్లు అడగండి.

రెండు, ఏసీ. గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. పార్టు కన్నా కూలీ ఎక్కువ.

మూడు, రేడియేటర్. ఇది నా సొంత అనుభవం. నా పాత మెకానిక్ నాలుగేళ్ళు బోరు నీళ్ళు పోశాడు. అడిగితే "కూలెంటే సార్" అన్నాడు, రంగు కలిపాడు మరి! విప్పితే లోపల పాత గీజర్‌లో కట్టినట్టు తెల్లటి గార. మూత విప్పి వేలు పెట్టి చూడండి.

నాలుగు, ఆర్సీ. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి 5 ఏళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022లో 600 నుంచి 5,000 చేశారు, 20 ఏళ్ళు దాటినవాటికి ఇప్పుడు ఇంకా ఎక్కువ. ఢిల్లీలోలా ఇక్కడ పాత బండ్లు పట్టుకుపోవడం లేదు గానీ, ఆర్సీ చచ్చిన బండి కొంటే మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

నారాయణగూడ_నాని
పాత_ఇనుము గారూ, ప్రింటు తీసుకున్నా. "అప్పడంలా విరిగితే" అన్నది మా ఆవిడ చదివి ఇంకా భయపడింది.

లెక్కల_మాస్టారు
నేను అడ్డం పడతాను. నాలుగు లక్షలు పెట్టి 150 గుర్రాల పాత పెట్రోలు ఇంజను. సిటీలో లీటరుకి ఏడో ఎనిమిదో ఇస్తుంది. ఎయిర్‌బ్యాగులు పేలతాయో లేదో దేవుడికెరుక. అదే డబ్బుకి పదేళ్ళలోపు సెకండ్ హ్యాండ్ బండి హాయిగా వస్తుంది. బంపరు మీది బొమ్మ కోసం కొంటున్నానని ఒప్పుకుంటే ఏ గొడవా లేదు.

పాత_ఇనుము
బొమ్మ బంపరు మీద ఉండదు మాస్టారూ, బానెట్ మీద ఉంటుంది. లెక్క తప్పారు.

ఆటోనగర్_అబ్బాయి
నాని గారి నాన్నగారు "బెంజి" అన్నారంటే ఆయన మనసులో ఉన్నది కారు కాదు, లారీ అయి ఉంటుంది. అడగండి ఒకసారి.

1954లో టెల్కోకీ డైమ్లర్-బెంజ్‌కీ 15 ఏళ్ళ ఒప్పందం జరిగింది. జంషెడ్‌పూర్‌లో తయారైన ఆ లారీల ముందు భాగాన మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. టాటా-మెర్సిడెస్-బెంజ్ అనేది కాగితం మీద పేరు, రోడ్డు మీద "బెంజి లారీ". 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయింది, దాని చోట టాటా వాళ్ళ గుర్తు వచ్చింది. మా డ్రైవర్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో! టాటా 1210 లారీలు వచ్చాక కూడా మా తాత "రెండు బెంజిలున్నాయి మనకి" అనేవాడు.

మొదటి బండి తుక్కుకి అమ్మేటప్పుడు తాత స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళి ముందు నక్షత్రం మాత్రం విప్పుకుని వచ్చాడు. ఇప్పటికీ అది మా దేవుడి గది తలుపు మీద ఉంది. దసరాకి పసుపు, కుంకుమ పెడతాం. కొత్తగా వచ్చిన పురోహితుడు ఇదే దేవుడి యంత్రం అని అడిగాడు.

ఈఎమ్‌ఐ_వీరుడు
శ్రీ డీజిలేశ్వర యంత్రం అని చెప్పాల్సింది.

కొండాపూర్_కోడర్
బెజవాడ బెంజ్ సర్కిల్‌లో నేను ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాను. చుట్టూ లెక్కపెట్టాను: ఆటోలు 14, బెంజ్‌లు 0.

ఆటోనగర్_అబ్బాయి
ఫ్లైఓవర్ ఎక్కి ఉండాల్సింది బ్రో. బెంజ్‌లన్నీ పైనుంచి పోయాయి.

నెకర్_తీరం
పేర్ల సంగతి నేను చెప్తాను. ఎనిమిదేళ్ళుగా జర్మనీలో, ఆ కంపెనీ ఊరు స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను, వేరే కంపెనీలో పని, కానీ ఇక్కడ ప్రతి మూడో ఇంట్లో ఆ ఫ్యాక్టరీ వాళ్ళే ఉంటారు.

ఇవి మొదట రెండు కంపెనీలు, రెండు ఊళ్ళు. కార్ల్ బెంజ్‌ది మన్‌హైమ్. 1886 జనవరి 29న మూడు చక్రాల బండికి పేటెంటు అడిగాడు, నంబరు 37435. ఒకే సిలిండరు, ముప్పావు గుర్రం బలం, గంటకి 16 కి.మీ. మన ఆటోకి ముత్తాత అనుకోండి. గాట్లీబ్ డైమ్లర్‌ది స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్. అదే ఏడాది ఆయన, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి గుర్రబ్బండికి ఇంజను బిగించారు. రెండు ఊళ్ళూ నెకర్ నది మీదే ఉన్నాయి. అయినా ఆ ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నట్టు ఆధారమే లేదు. 1926లో కంపెనీలు కలిసేనాటికి డైమ్లర్ పోయి 26 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బు లేక, బ్యాంకువాళ్ళు నెట్టితే కుదిరిన పెళ్ళి అది. డైమ్లర్ నక్షత్రం చుట్టూ బెంజ్ ఆకుల దండ చుట్టి ఒక గుర్తు చేశారు.

మెర్సిడెస్ అనేది ఒక పిల్ల పేరు. ఎమిల్ యెల్లినెక్ అని ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉండే పెద్ద వ్యాపారి, డైమ్లర్ బండ్లు తెప్పించి డబ్బున్నవాళ్ళకి అమ్మేవాడు, రేసుల్లో కూతురి పేరు పెట్టుకుని దిగేవాడు. 1900 మార్చిలో నీస్ దగ్గర కొండ రేసులో డైమ్లర్ బండి నడిపిన డ్రైవరు చనిపోయాడు. ఎత్తుగా, కురచగా ఉన్న బండి అది. "కిందికి, పొడుగ్గా, బలంగా చేయండి, 36 బండ్లు కొంటాను, పేరు మాత్రం మా అమ్మాయిది పెట్టండి" అని యెల్లినెక్ పట్టుబట్టాడు. మేబాక్ గీసిన ఆ 35 గుర్రాల బండి 1901లో నీస్‌లో అందరినీ ఓడించింది. గుర్రబ్బండి పోలిక లేని మొదటి కారు అదే అంటారు. తర్వాత యెల్లినెక్ తన ఇంటిపేరే యెల్లినెక్-మెర్సిడెస్ అని మార్చుకున్నాడు. కూతురి పేరు తండ్రికి వచ్చింది!

ఇక మీ అసలు ప్రశ్న. స్టుట్‌గార్ట్‌లో ఇప్పటికీ ఎవరైనా "డైమ్లర్‌లో పని చేస్తున్నా" అంటారు. మన్‌హైమ్ వెళ్తే అదే కంపెనీని "బెంజ్‌లో పని" అంటారు. ఎవరి ఊరి పెద్దాయన పేరు వాళ్ళకి. మీ నాన్నగారు మన్‌హైమ్ పార్టీ అన్నమాట.

పక్కసీటు
బెర్తా గురించి చెప్పకుండా చరిత్ర అయిపోయిందా అండీ? మగవాళ్ళు రాస్తే ఇంతే.

నెకర్_తీరం
నేను ఆడదాన్నే అండీ :) పోస్టు మరీ పొడుగైపోతుందని ఆపాను. మీరే చెప్పండి.

పక్కసీటు
అయ్యో, క్షమించండి. సరే, చెప్తాను.

బెర్తా, కార్ల్ బెంజ్ భార్య. పెళ్ళికి ముందే భాగస్వామితో గొడవై కార్ల్ వర్క్‌షాపు మూతపడే స్థితికి వస్తే, ఆమె తన కట్నం సొమ్ము ముందుగానే తెప్పించి ఆ భాగస్వామి వాటా కొనిపించింది. తర్వాత ఏడాది 1872లో పెళ్ళి.

బండి తయారైంది గానీ కొనేవాళ్ళు లేరు. ఆయనకేమో బయటికి తీసుకెళ్ళే ధైర్యం లేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్లు పైమాటే. అప్పటికి పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో బట్టల మరకలు తుడిచే లిగ్రోయిన్ కొని పోసింది. ఆ షాపు ముందు ఇప్పుడు విగ్రహం ఉంది. పైపు అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు రాసుకుంటుంటే మేజోళ్ళ పట్టీ చుట్టింది. బ్రేకు చెక్క అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చి "ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలి" అని చెప్పింది, ఆయన పెట్టాడు.

ప్రపంచంలో మొదటి లాంగ్ డ్రైవ్, మొదటి రోడ్‌సైడ్ రిపేరు, మొదటి టెస్ట్ రిపోర్టు అన్నీ ఒకావిడవే. పేటెంటు మాత్రం ఆయన పేరు మీదే.

ఈఎమ్‌ఐ_వీరుడు
అంటే కట్నం డబ్బుతో నిలబడ్డ కంపెనీ అన్నమాట. మా మామగారికి ఈ పోస్టు పంపిస్తున్నా.

పక్కసీటు
పంపండి. ఆ తర్వాత మీ ఆవిడ కూడా చెప్పకుండా పుట్టింటికి వెళ్తుంది.

లెక్కల_మాస్టారు
అందరూ భక్తిలో ఉన్నారు కాబట్టి రెండు చేదు మాటలు.

కారు కనిపెట్టింది బెంజ్ ఒక్కడే అన్నది సగం నిజం. వియన్నాలో సీగ్‌ఫ్రీడ్ మార్కస్ అనే ఆయన 1870లోనే చేతిబండికి ఇంజను పెట్టాడు. 1940లో నాజీ ప్రచార శాఖ పుస్తకాల కంపెనీలకి ఉత్తరం రాసింది: విజ్ఞాన సర్వస్వాల్లో కారు కనిపెట్టినవాడిగా మార్కస్ పేరు ఉండకూడదు, డైమ్లర్, బెంజ్ పేర్లు ఉండాలి అని. కారణం, మార్కస్ యూదుడు.

రెండోది. రెండో ప్రపంచ యుద్ధం నాటి చరిత్ర ఎవరూ ఎత్తడం లేదు. హిట్లర్ ఊరేగిన కార్లు ఎవరివి? 1944 నాటికి ఆ కంపెనీ పనివాళ్ళలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చినవాళ్ళు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల వాళ్ళు. నక్షత్రానికి పసుపు రాసేముందు ఇది కూడా తెలిసి ఉండాలి.

నెకర్_తీరం
మాస్టారు చెప్పిన రెండోది అక్షరాలా నిజం. ఇక్కడి మెర్సిడెస్-బెంజ్ మ్యూజియంలోనే ఆ భాగం ఉంది, దాచలేదు. కంపెనీవాళ్ళే 1980ల్లో చరిత్రకారుల చేత తవ్వించారు. అప్పటికి నలభై ఏళ్ళు గడిచాయి, అది వేరే సంగతి.

మొదటిదానికి చిన్న సవరణ. ఉత్తరం నిజం, మార్కస్ పేరు చెరిపేయడం నిజం. కానీ ఆయన రెండో కారు, ఇప్పటికీ వియన్నాలో ఉన్నది, 1875 నాటిదని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పరిశీలిస్తే 1888 ప్రాంతానిదని తేలింది. అంటే బెంజ్ తర్వాతే. 1870 నాటి చేతిబండిని కారు అనొచ్చా అంటే, అక్కడ వాదన మొదలవుతుంది.

లెక్కల_మాస్టారు
సవరణ ఒప్పుకున్నా. మార్కులు వేసేవాణ్ణి, కోయించుకోవడం మొదటిసారి.

కొండాపూర్_కోడర్
మ్యూజియం ఎలా ఉంటుంది? వచ్చే వేసవిలో మ్యూనిక్ వస్తున్నాం.

నెకర్_తీరం
తప్పకుండా రండి, రైల్లో రెండున్నర గంటలలోపే. లిఫ్టులో అన్నిటికన్నా పై అంతస్తుకి తీసుకెళ్ళి వదులుతారు, అక్కణ్ణుంచి చుట్టూ తిరుగుతూ దిగాలి. తలుపు తెరవగానే ఎదురుగా కారు కాదు, తెల్ల గుర్రం బొమ్మ నిలబడి ఉంటుంది. మా అబ్బాయి అక్కడే ఆగిపోయి, 1886 కార్లని చూడనే లేదు.

అడుగున ఎక్కడో ఒక గ్రీసు టాక్సీవాలా బెంజ్ డీజిల్ కారు 240డి గురించి ఉంటుంది. 46 లక్షల కి.మీ. తిప్పి 2004లో మ్యూజియానికి ఇచ్చేశాడు.

డీజిల్_బాబాయ్
ఆ 46 లక్షల మాట కోసమే లాగిన్ అయ్యాను. పాస్‌వర్డ్ మర్చిపోయి మనవరాలి చేత తీయించాల్సి వచ్చింది.

మాది రాజమండ్రి. నా దగ్గర డబ్ల్యూ123, 240డి ఉంది, 1982 మోడల్. ఈ బాడీ 1976 నుంచి దాదాపు పదేళ్ళలో 27 లక్షల దాకా తయారైంది. జర్మనీలో టాక్సీ అంటే ఇదే. 72 గుర్రాలు. అవి కూడా మేత మేసి, నెమరు వేసి కదులుతాయి. కొవ్వూరు బ్రిడ్జి మీద నన్ను టీవీఎస్ ఫిఫ్టీ దాటిపోయింది, నేనేమీ అనుకోలేదు.

ఉదయాన్నే తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది. అది ఆరేదాకా స్టార్ట్ చేయకూడదు, లోపల గ్లో ప్లగ్గులు వేడెక్కాలి. ఆ లోపు నాకు గణపతి శ్లోకం ఒకటి పూర్తవుతుంది. లైటు ఆలస్యంగా ఆరితే చలికాలం వచ్చిందని లెక్క.

ఇప్పుడు అసలు కథ. ఈ బండిలో కరెంటు చేయాల్సిన పనులు చాలావరకు గాలి చేస్తుంది. డోర్ లాకులు వాక్యూమ్ మీదే, ఇంజను ఆపేదీ వాక్యూమే. ఒకరోజు మా షెడ్డు ఎలుక ఒక పైపు కొరికింది. నాకు తెలియదు. గుడి ముందు ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఇంజను ఆగలేదు! తాళం నా జేబులో, బండి టక టక టక. మళ్ళీ పెట్టి తిప్పాను, తీశాను. టక టక టక. చుట్టూ జనం చేరారు. "ఆవహించిందండీ" అన్నాడు కొబ్బరికాయల కొట్టాయన. అప్పుడు గుర్తొచ్చింది, బానెట్ ఎత్తితే ఇంజను మీద స్టాప్ అని రాసిన చిన్న మీట ఉంటుందని. వేలితో నొక్కాను, ఆగింది. ఇలాంటి రోజు వస్తుందని ఆ జర్మనీవాడు ముందే అనుకుని మీట పెట్టి, దాని మీద పేరు కూడా రాశాడు చూడండి.

నాని బాబూ, కొనుక్కో. కానీ ముందు పిల్లిని పెంచుకో.

ఈఎమ్‌ఐ_వీరుడు
బాబాయ్, మీ పోస్టుకి లైటు ఆరేదాకా ఆగి చదివాను.

కొండాపూర్_కోడర్
అందరూ పాతవే పొగుడుతున్నారు. నాది 2022 సి-క్లాస్, నేను హ్యాపీ. ఆ కంపెనీ గొప్పదనం అందరూ చెప్పుకునే తలుపు చప్పుడు కాదు, సేఫ్టీ. గుద్దితే ముందు, వెనక భాగాలు నలిగి లోపలి మనుషుల్ని కాపాడాలన్న ఆలోచన వాళ్ళ ఇంజనీరు బేలా బరేనీది. 1959 కారులోనే పెట్టారు. 1978లో బాష్ కంపెనీతో కలిసి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), 1981లో ఎయిర్‌బ్యాగ్, 1995లో ఈఎస్‌పీ (బండి జారి అదుపు తప్పకుండా చూసేది). ఇప్పుడు అందరి కార్లలో ఉన్నవే ఇవన్నీ. మొదట వాళ్ళ ఖరీదైన ఎస్-క్లాస్ కొనేవాడు డబ్బు కడతాడు, ఇరవై ఏళ్ళకి మనకి అందుతుంది.

లెక్కల_మాస్టారు
అదే ఈఎస్‌పీ కథ పూర్తిగా చెప్పండి మరి. 1997లో కొత్త ఏ-క్లాస్‌ని స్వీడన్‌లో పత్రికవాళ్ళు దుప్పి అడ్డొచ్చినట్టు గబుక్కున తిప్పి చూస్తే పల్టీ కొట్టింది. పరువు పోయి, డెలివరీలు ఆపి, ఆ చిన్న కారుకీ ఈఎస్‌పీ ఉచితంగా పెట్టారు. చిన్న బండ్లకి అది అంత త్వరగా రావడానికి కారణం వాళ్ళ గొప్పదనం కాదు, దుప్పి.

కొండాపూర్_కోడర్
పల్టీ కొట్టాక బాగు చేశారా లేదా? నాకది చాలు.

ఆటోనగర్_అబ్బాయి
స్వీడన్‌లో దుప్పి. మా హైవే మీద గేదె పరీక్ష రోజూ జరుగుతుంది, పేపర్లో రాదు.

పేర్ల గొడవలో ఇంకో ముచ్చట. 2021 చివర్లో ఆ కంపెనీ లారీలని విడగొట్టేసింది. కార్ల కంపెనీ పేరు మెర్సిడెస్-బెంజ్ గ్రూప్ అయింది, డైమ్లర్ పేరు లారీలవాళ్ళు పట్టుకుపోయారు. చెన్నై పక్కన ఒరగడంలో వాళ్ళు చేసే బండి పేరేమో భారత్‌బెంజ్. మా తాత ఉంటే "నేను ముందే చెప్పా, బెంజి అంటే లారీయే" అనేవాడు.

రాజంపేట_రెక్కలు
ఏడాదిగా చదువుతున్నా గానీ ఎప్పుడూ రాయలేదు. డీజిల్_బాబాయ్ గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

మా నాన్న 1983లో కువైట్ వెళ్ళాడు, హౌస్ డ్రైవరుగా. మా వైపు ఊళ్ళలో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే. అర్బాబుకి, అంటే యజమానికి, 280 ఎస్‌ఇ బెంజ్ ఉండేది, తెల్లది. నాన్న పొద్దున నాలుగున్నరకి లేచి దుమ్ము తుడిచేవాడు, ఎండ ఎక్కాక తుడిస్తే గీతలు పడతాయని. ఇంటికి పంపే క్యాసెట్లలో మా అందరి మంచిచెడ్డలు అడిగాక రెండు నిమిషాలు ఆ కారు గురించే చెప్పేవాడు. అమ్మ ఆ ముక్క ముందుకి తిప్పేసేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. అర్బాబు కుటుంబం అప్పటికే బయటి దేశంలో ఉంది. నాన్న కారుకి కవరు కప్పి, తాళం వంటింట్లో బియ్యం డబ్బాలో దాచి, బస్సుల్లో పడి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో వచ్చాడు. చేతిలో ఒక సంచి. యుద్ధం అయ్యాక అర్బాబు ఫోన్ చేసి కారు పోయిందని చెప్పాడట. నాన్న ఆ పూట అన్నం తినలేదు. ఆయన జీతం బాకీ ఏడు నెలలు కూడా పోయింది, దాని గురించి అంత బాధపడినట్టు నాకు గుర్తులేదు.

ఆయన దగ్గర ఒకటే మాట నేర్చుకున్నాను. బెంజి తలుపు వేయకూడదు, వదలాలి. వదిలితే అదే మూసుకుంటుంది. ఇప్పటికీ మా చిన్న కారు తలుపు అలాగే వదులుతాడు. అది మూసుకోదు. నేను దిగి మళ్ళీ వేస్తాను.

ఏడేళ్ళు నడిపాడు, వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పక్కసీటు
అమ్మ క్యాసెట్ ముందుకి తిప్పేయడం... నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

లెక్కల_మాస్టారు
ఇక నేను అడ్డం చెప్పను. నాని గారూ, చూసి వచ్చారా?

నారాయణగూడ_నాని
నిన్న ఆదివారం వెళ్ళాం. నేను, నాన్న, పాత_ఇనుము గారి ప్రింటు. చివరి నిమిషంలో మా ఆవిడ కూడా "చూస్తే పోయేదేముంది" అని వచ్చింది.

కవరు తీస్తే ముదురు నీలం రంగు. బ్యాటరీ పూర్తిగా చచ్చింది. టైర్లు చూడటానికి బాగున్నాయి గానీ 2014వి, మార్చాలి. వైరింగ్ అడిగితే డాక్టరుగారు లోపలికెళ్ళి లావుపాటి ఫైలు తెచ్చారు. 1996 నుంచి ప్రతి బిల్లూ ఉంది. వైరింగ్ 2004లో మార్చారట. ఫైలు నిండా ఆయన చేతిరాతే, ఒక్క ముక్క అర్థం కాలేదు. మెడికల్ షాపతన్ని పిలవాలేమో అన్నాడు నాన్న. రేడియేటర్‌లో వేలు పెట్టాను, గార లేదు. ఆర్సీ 2021లో రెన్యువల్ అయింది, మళ్ళీ చేయించాలి, ఆ ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నారు.

బానెట్ మీద నక్షత్రం లేదు. అడిగితే రెండుసార్లు పోరలు పీక్కుపోయారట, మూడోది కొనుక్కొచ్చి బిగించకుండా సొరుగులో పెట్టుకున్నారు. పాత బీపీ మిషన్ డబ్బాలోంచి తీసి ఇచ్చారు. నా చేతికి కాదు, మా ఆవిడ చేతికి.

ఆటోనగర్_అబ్బాయి గారూ, మీరన్నది నిజమే. నాన్నని అడిగాను. చిన్నప్పుడు సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కి ధాన్యం లారీ క్యాబిన్‌లో వచ్చాడట. ఆ లారీ ముందు ఉన్న నక్షత్రమే ఆయనకి తెలిసిన బెంజి.

మూడున్నర లక్షలకి మాట అయింది. మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే, తన స్కూటీ చోటు కదలకూడదు. రాజంపేట గారూ, మీ నాన్నగారు ఎప్పుడైనా హైదరాబాద్ వస్తే చెప్పండి. వెనక సీట్లో కూర్చోబెట్టి ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పే పూచీ నాది.

ఈఎమ్‌ఐ_వీరుడు
మరి మెకానిక్?

పాత_ఇనుము
నా కొత్త మెకానిక్ నంబరు నాని గారికి విడిగా పంపా. బోరు నీళ్ళు పోయడు. ఫోన్ మాత్రం మూడోసారికి గానీ ఎత్తడు.

రాజంపేట_రెక్కలు
నాని గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వెనక సీటు వద్దులే, తాళం ఇస్తాడేమో అడుగు" అన్నాడు.

నారాయణగూడ_నాని
ఇస్తాను. బ్యాటరీ కొననివ్వండి ముందు.